కంప్యూటర్లన్నీ మాట్లాడిన సోమవారం

మా ఆఫీసులో ఆమెను అందరూ అరలక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా విసుక్కోకుండా పలుకుతుంది. మాది బీమా కంపెనీ, నాలుగంతస్తుల భవనం. మూడో అంతస్తులో లిఫ్టుకూ మరుగుదొడ్లకూ మధ్య ఇరికించిన పొడుగాటి గది మా సర్వీస్ డెస్క్. ప్రింటరు కదలకపోయినా, పాస్‌వర్డు మరిచిపోయినా, మౌసు ప్రాణం విడిచినా అందరూ వచ్చి మా నెత్తినే కూర్చుంటారు. పని జరిగిపోతే మేం ఎవరికీ గుర్తుండం. జరక్కపోతే మా ఏడు తరాలనూ తలుచుకుంటారు. ఆ గదిలో నా కుర్చీని ఆనుకునే ఆమె కుర్చీ ఉంటుంది కాబట్టి ఈ కథ నేను చెబుతున్నాను. ఇంకెవరైనా చెబితే కంపెనీ వైపు నుంచి చెబుతారు, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అరలక్క పని సాఫ్ట్‌వేర్ కేటలాగు చూసుకోవడం. ఆఫీసులో ఎవరికి ఏ సాఫ్ట్‌వేర్ కావలసినా మా పేజీ తెరిచి అడగాలి. ఆ పేజీలో సాఫ్ట్‌వేర్లన్నీ దుకాణంలో సరుకుల్లా వర్గాలుగా సర్ది ఉంటాయి. మిగతావాళ్లు వాటిని కేటగిరీలంటారు, ఆమె మొదటినుంచీ అరలనే అనేది. లెక్కలు చేసేవి ఒక అర, బొమ్మలు గీసేవి ఒక అర, ఉత్తరాలు రాసేవి ఒక అర. ప్రతి అర వెనకాలా కొన్ని నియమాలుంటాయి. ఈ అరలోది ఎవరడిగినా ఇచ్చేయొచ్చు. ఆ అరలోది కావాలంటే అడిగినవాళ్ల పైఅధికారికి మెయిల్ వెళ్లి, ఆ అధికారి సరే అనాలి. ఇంకో అరలోది ఎంత మొత్తుకున్నా ఇవ్వకూడదు. అడిగేవాళ్లకు అర పేరు ఒక్కటే కనిపిస్తుంది. వెనకాల సంగతి ఆమెకు తెలుస్తుంది.

"అర పేరు చూసి మోసపోకమ్మాయ్" అనేది నాతో. "పేరుదేముంది, ఎవరైనా పెడతారు. వెనకాల ఏం రాసుందో అది చూడు."

నేను చేరిన కొత్తలో ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. నేను చాలాసార్లు వినలేదు, చాలాసార్లు తిట్లు తిన్నాను. అది వేరే సంగతి.

ఈ పనికి రాకముందు ఆమె కింద నేలమాళిగలో విడిభాగాల గది చూసుకునేది. కీబోర్డులు, వైర్లు, పాత మానిటర్లు. అక్కడ నిజంగానే అరలుండేవి, ఇనపవి. ఒక్కో అరకు కాగితం ముక్క అంటించి లావుపాటి పెన్నుతో పేరు రాసేది. కంపెనీ సొంత కంప్యూటర్లు మానేసి అద్దెవి తెచ్చుకోవడం మొదలెట్టాక ఆ గదికి తాళం పడింది. అరల పని వచ్చినావిడే కదా అని ఆమెను పైకి తెచ్చి కేటలాగు ముందు కూర్చోబెట్టారు. చేతికి తగిలే అరల నుంచి తెర మీద అరలకు వచ్చినా ఆమెలో మార్పేమీ లేదు. ప్రతిదానికీ ఒక చోటు ఉంటుందని, ఆ చోటు తనకు తెలుసని ఆమె నమ్మకం. ఆ నమ్మకం సరుకులతో ఆగితే బాగుండేది, మనుషుల దాకా వచ్చింది. మధ్యాహ్నం ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినాలో చెప్పేది. నాకు ఎర్ర చొక్కా నప్పదని చెప్పి మానిపించేది. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు ఎటో వెళ్లిపోయాడంటే, నిజం చెప్పాలంటే, నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. ఆయన్ను కూడా ఏదో ఒక అరలో పెట్టే ఉంటుంది.

ఇక ఆమెకు మిగిలింది చెల్లెలు. తనకన్నా బాగా చిన్నది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది అక్కే. చెల్లెలికి చిన్నప్పటినుంచీ గొంతు బాగుండేదని, రేడియోలో మాట్లాడే ఉద్యోగం కావాలని గొడవ చేసేదని అక్కే నవ్వుతూ చెప్పింది. రేడియో కూడు పెడుతుందా అని కంప్యూటరు కోర్సులో చేర్పించింది. చదువయ్యాక ఇదే కంపెనీలో, రెండో అంతస్తులో, ఫోన్ల విభాగంలో పెట్టించింది. ఖాతాదారులు ఫోను చేసి అడిగినవాటికి జవాబు చెప్పే పని. రేడియోలో కాకపోతే ఫోనులో మాట్లాడుతోంది కదా, అదీ ఇదీ ఒకటే అని అక్క లెక్క.

ఆ చెల్లెలి కళ్లు పాడవడం మొదలైంది. చూపు మొత్తం పోలేదు. మధ్యలోది పోయింది, చుట్టూ ఉన్నది మిగిలింది. మెట్లెక్కగలదు, మనుషుల్ని తప్పుకుని నడవగలదు. కానీ ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే కొంచెం పక్కకు చూడాలి. అక్షరాలు చదవడం కుదరని పని. మొహంలో మొహం పెట్టి మాట్లాడదని, ఓరగా చూస్తుందని ఆఫీసులో ఆ అమ్మాయికి పొగరనే పేరు వచ్చింది. ఆ పేరే తనకు రక్షణ అని ఆ అమ్మాయి నోరు మెదపలేదు. ఎందుకంటే అంతకుముందు అదే విభాగంలో ఒకాయనకు చెవి సరిగా వినపడడం లేదని బయటపడింది. కంపెనీ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. పూలగుత్తి ఇచ్చింది. తేలికపాటి పని అని చెప్పి కాగితాల గోదాములో కూర్చోబెట్టింది. కొన్నాళ్లకు ఆ గోదామే అవసరం లేదంది. పూలగుత్తి ఇచ్చి ఫోటో దిగిన సిబ్బంది సంక్షేమం అధికారిణికి అప్పటినుంచి మేం పూలగుత్తి అనే పేరు పెట్టాం.

అందుకని అక్క కేటలాగులో ఒక అర తయారు చేసింది. పేరు 'అవసరం'. చూపు తగ్గినవాళ్లకు, చెయ్యి సరిగా కదలనివాళ్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు అందులో పెట్టింది. ఆ అర వెనకాల ఏం రాసిందంటే, ఇవి అడిగితే ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ మెయిల్ వెళ్లదు. అప్పటి మేనేజరు మంచివాడో బద్ధకస్తుడో కానీ సంతకం పెట్టేశాడు. ఆ అరలోంచి చెల్లెలు తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుంది. ఒక చెవిలో ఖాతాదారు గొంతు, ఇంకో చెవిలో ఆ మిషను గొంతు. మిషను పాలసీ వివరాలు గడగడా చదువుతుంటే అవి విని, ఇటు ఖాతాదారుకు తీరిగ్గా, తియ్యగా చెప్పేది. అలా కొన్నేళ్లు నెట్టుకొచ్చింది. ఆ విభాగంలో ఆ అమ్మాయి మీద ఫిర్యాదు వచ్చినట్టు నేనెప్పుడూ వినలేదు.

ఇంట్లో కూడా అక్క తన పని తాను చేసింది. వంటింట్లో డబ్బాలన్నిటికీ అరచెయ్యంత అక్షరాలతో పేర్లు రాసి అంటించింది. చెల్లెలు ఒక్క మాట అనకుండా అన్నీ పీకేసింది. ఏ డబ్బా ఎక్కడుందో తన చేతులకు తెలుసట. అక్క మళ్లీ అంటించింది. ఈ సంగతి నాకు చెల్లెలే చెప్పింది, లిఫ్టులో, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు దిగాడు. వచ్చిన వారంలోనే రెండు టీ మిషన్లలో ఒకటి తీయించాడు, మా గదిలో ఒక కుర్చీ తీయించాడు. అందుకని ఆయనకు మేం పెట్టిన పేరు కత్తెర. ఆయన చూపు కేటలాగు మీద పడింది.

"ఏంటండీ ఇన్ని కేటగిరీలు? ఇది ఆఫీసా, కిరాణా కొట్టా? డజనులో తేల్చండి" అన్నాడు.

తెర మీద ఒక్కో అరా తెరిచి తీసేయాల్సినవి చూపిస్తూ పోయాడు. అక్క పక్కన నిలబడింది. నేను నా సీటులో వంగుని వింటున్నాను.

"ఇదేంటి, 'అవసరం'? అవసరం లేకుండా ఎవరైనా సాఫ్ట్‌వేర్ అడుగుతారా?"

"కళ్లు సరిగా కనపడనివాళ్లకు, చేతులు సరిగా లేనివాళ్లకు సార్."

"ఎంతమంది వాడుతున్నారు?"

"ఒక్కరు సార్."

"ఒక్కరి కోసం ఒక కేటగిరీయా! బావుందండీ. 'ఇతరాలు'లో పడేయండి. సోమవారానికి పూర్తవ్వాలి."

ఆ ఒక్కరెవరని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మనుషుల గురించి అడగడం ఆయనకు అలవాటు లేదు.

'ఇతరాలు' అంటే మా కేటలాగులో చెత్తబుట్ట లాంటిది. దాని వెనకాల నియమం కఠినంగా ఉంటుంది. అందులోకి ఏ సాఫ్ట్‌వేర్ చేరినా, దాన్ని అప్పటికే వాడుతున్నవాళ్ల పైఅధికారికి దానంతటదే మెయిల్ వెళుతుంది. మీ విభాగంలో ఫలానా ఉద్యోగి తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, ఇది నిజంగా కావాలా, అని. అంటే ఫోన్ల విభాగం సూపర్‌వైజరుకు సంగతి తెలిసిపోతుంది. సూపర్‌వైజరుకు తెలిస్తే పూలగుత్తికి తెలుస్తుంది. ఆ తర్వాత పూలు వస్తాయి.

ఆ వారమంతా అక్క సరిగా తిండి తినలేదు. డబ్బా తెరవడం, మూయడం. నాకు అప్పటికే సంగతంతా తెలుసు, ఆమె నాకు చెప్పుకునే మనిషే. నేనే అన్నాను.

"చెల్లిని ఒక్క మాట అడగొచ్చు కదక్కా. ఉద్యోగం తనది."

"అడిగితే హడలిపోతుంది. దానికెందుకీ గోల? నేను చూసుకుంటాను."

"ఆ అమ్మాయి చిన్నపిల్లా?"

"నాకు చిన్నదే" అంది.

శుక్రవారం సాయంత్రం ఆమెకు దారి దొరికింది. కొత్త జాబితాలో కూడా అనుమతి అక్కర్లేని అర ఒకటి మిగిలింది. 'ప్రాథమికం'. ఉత్తరాలు టైపు చేసేది, మెయిల్ చూసేది, అందరికీ కావలసినవి అందులో ఉంటాయి. వాటి మధ్యన ఇది కూడా పెడితే ఎవరికీ మెయిల్ వెళ్లదు, ఎవరూ పట్టించుకోరు. అవతల చెల్లెలి కంప్యూటరులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆ అర అక్క మొట్టమొదట తయారు చేసిన అర. దాని వెనకాల ఏముందో ఆమెకు నోటికి వచ్చు. కొత్త కంప్యూటరు ఎవరికైనా ఇచ్చినప్పుడు ఇందులోవన్నీ దానిలో పెట్టి ఇవ్వాలి, అంతే.

అలా అని రాసింది ఆమె. దాన్ని కత్తెర అంతకుముందు బుధవారం మార్చాడు. ఈ అరలో ఏది ఉంటే అది ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిట్లోనూ దానంతటదే చేరిపోవాలని. మనుషుల చేత పని చేయించడం దండగని ఆయన సిద్ధాంతం. ఆ సంగతి అందరికీ మెయిల్ పెట్టానని తర్వాత అన్నాడు. పెట్టాడు కూడా, నిజమే. మూరెడు పొడుగు మెయిల్, పదకొండో పాయింటు కింద. ఆయన మెయిళ్లు చదివే ఓపిక మాలో ఎవరికీ లేదు.

అర వెనకాల చూడమని ఊరందరికీ చెప్పిన మనిషి ఆ సాయంత్రం చూడలేదు. తన సొంత అర కదా, చూడాలనిపించలేదు. సాఫ్ట్‌వేర్‌ను 'అవసరం'లోంచి తీసి 'ప్రాథమికం'లో పెట్టింది, ఖాళీ అయిన అరను తీసేసింది, కంప్యూటరు కట్టేసింది. ఆ వారంలో మొదటిసారి టీ మొత్తం తాగింది.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి భవనం మాట్లాడుతోంది. మెట్ల దగ్గరికే వినిపించింది. ప్రతి గదిలోంచీ ఒకే ఆడగొంతు, ఏ భావమూ లేని గొంతు, గబగబా. "బటన్. బటన్. మూసివేయి. కొత్త సందేశం. బటన్." మౌసు ఎక్కడికి పోతే అక్కడున్నది చదువుతుంది. ఆపుదామని జనం మౌసు అటూ ఇటూ తిప్పుతున్నారు. తిప్పినకొద్దీ అది ఇంకా చదువుతుంది. లెక్కల విభాగంలో ఒకాయన మానిటరు మీద ఫైలు బోర్లించాడు, నోరు మూసినట్టు. మీటింగు గదిలో కంపెనీ పెద్దాయన ఎదుట కత్తెర తన లాప్‌టాప్ తెరిస్తే, అది ముందురోజు ఆయన వెతికినదాన్ని గదికంతటికీ వినిపించిందట. జుట్టు ఊడకుండా ఉండడానికి నూనె. పెద్దాయన నవ్వాపుకోలేకపోయారని టీ మిషను దగ్గర చెప్పుకున్నారు. ఆ రోజు నాకు నవ్వొచ్చిన సంగతి అదొక్కటే.

నా పక్క కుర్చీలో అక్క తెర వైపు చూస్తోంది. అర వెనకాల తెరిచి ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నేనే పెట్టానమ్మాయ్" అంది. "చూడలేదు. చూడకుండా పెట్టాను."

దాన్ని అక్కడినుంచి తీసేసింది వెంటనే. కానీ ఒకసారి కంప్యూటర్లలోకి చేరిపోయింది గంటల తరబడి గానీ పోదు. ఈలోగా ఆపాలంటే ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి చేత్తో ఆపాల్సిందే. మమ్మల్నందర్నీ తలో అంతస్తుకూ తరిమారు. నేను రెండో అంతస్తుకు వెళ్లాను. ఫోన్ల విభాగం పరిస్థితి అన్నిటికన్నా ఘోరంగా ఉంది. ఖాతాదారులు అవతలినుంచి అరుస్తున్నారు. ఇవతల మిషను గొంతులు కలిసిపోయి ఎవరేం అంటున్నారో తెలియడం లేదు. ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ గోలలో చెల్లెలు ఒక్కతే మామూలుగా కూర్చుని ఉంది. తన కంప్యూటరులో అది ఎప్పుడూ ఉండేదే కదా. ఒక కాల్ ముగించింది. హెడ్‌ఫోను తీసింది. లేచి, ఏడుస్తున్నావిడ దగ్గరికి వెళ్లి, కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కింది. గొంతు ఆగిపోయింది. పక్క సీటు, ఆ పక్క సీటు. తెర వైపు చూడనుకూడా లేదు. వేళ్లు మీటల మీదికి వెళుతున్నాయి, గొంతులు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి. సంగతి బయటపడుతుందేమోనని, వెళ్లి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను. కానీ నాకు ఆ మీటలేవో ఇంకా సరిగా తెలియవు, ఆ అమ్మాయికి తెలుసు. వరస చివరికి వచ్చేసరికి విభాగమంతా నిశ్శబ్దం. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

సూపర్‌వైజరు ఆ పక్కనే నిలబడి చూస్తోంది. చెడ్డమనిషని చెప్పను. కానీ బుర్ర ఉన్న మనిషి.

"భలే ఆపావే. నీకెలా తెలుసు ఇది?"

"ఎక్కడో చూశాను మేడం."

"ఎక్కడ?"

చెల్లెలు తన సీటు వైపు తిరిగింది. సూపర్‌వైజరు బల్ల మీదున్న కాగితం ఒకటి తీసి ఇచ్చింది. "సరే, ముందు ఈ ఖాతాదారుకు ఫోను చెయ్. పేరు దాన్లోనే ఉంది చూడు. ఏం పేరు?"

చెల్లెలు కాగితం పట్టుకుంది. కొంచెం పక్కకు తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. అక్షరాలు ఒకటే దగ్గరగా ఉన్నాయంది. అంతమందిలో ఆ మాట ఎంత మెల్లగా అన్నా వినిపించింది. అప్పటిదాకా పొగరనుకున్నదేమిటో అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. సూపర్‌వైజరు కాగితం వెనక్కి తీసుకుని, "సరే, కూర్చో" అంది. గొంతులో జాలి.

ఆ తర్వాతదంతా పద్ధతి ప్రకారం జరిగింది. అక్క పరుగున కత్తెర గదిలోకి వెళ్లి తప్పంతా తనదేనని, చెల్లెలికేమీ తెలియదని చెప్పింది. కత్తెర విన్నాడు. ఆమె చేతికి ఒక మెమో ఇచ్చాడు. ఉద్యోగం జోలికి పోలేదు. కేటలాగు లోపల ఏది దేనికి ముడిపడి ఉందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు మరి. చెల్లెల్ని పూలగుత్తి పిలిచింది. చాలా ప్రేమగా మాట్లాడింది. ఇన్నాళ్లూ ఇంత కష్టపడ్డావు, మాకొక్క మాట చెప్పలేదేమమ్మా అంది. ఖాతాదారుల వివరాలు తప్పు చదివితే కంపెనీకి ఎంత ప్రమాదమో వివరించింది. ఎప్పుడైనా తప్పు చదివానా అని చెల్లెలు అడిగింది. లేదు లేదు, కానీ ముందుముందు, అంది పూలగుత్తి. ప్రస్తుతానికి విశ్రాంతి తీసుకో, కబురు పంపుతాం. పూలు మర్నాడు ఇంటికే వచ్చాయి.

కబురు ఇప్పటికీ రాలేదు.

పూలు వచ్చిన రోజు వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన బల్ల, దాని మీద ఇంకా విప్పని ఆ పూలు. అక్క వంటింట్లో ఊరికే గిన్నెలు కడుగుతోంది, కడిగినవే మళ్లీ. చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను కూర్చున్నాక, నాకు వినిపించాలనేమో, అక్కతో అంది.

"నా కళ్ల సంగతి నేనే వెళ్లి చెప్పుకునేదాన్నక్కా. నా అంతట నేను, నాకు కుదిరినప్పుడు. ఇలా కాగితం చేతిలో పెట్టి అందరి ముందూ చదివించుకునేదాన్ని కాదు."

"నీ మంచికే చేశానే."

"తెలుసు. అన్నీ నా మంచికే చేశావు. ఒక్కటి చెప్పు, ఎప్పుడైనా నన్నడిగావా?"

అక్క కుళాయి కట్టేసింది. ఆమె అడగలేదు, ఎప్పుడూ అడగలేదు. కోర్సుకు అడగలేదు, ఉద్యోగానికి అడగలేదు, శుక్రవారం సాయంత్రమూ అడగలేదు. ఆమె మీద నాకు జాలి ఉంది, చాలా ఉంది. కానీ చెల్లెలు అన్నదాన్లో తప్పు ఒక్క ముక్క కూడా నాకు దొరకలేదు.

ఆఫీసులో ఈ కథకు ఒక తోక ఉంది. పెద్దాయనకు ఎవరు ఎక్కించారో, నెల తిరక్కుండా అందర్నీ హాల్లోకి పిలిచి ప్రసంగించారు. మన సంస్థ అందరిదీ, ఎవరికి ఏ లోటున్నా మనం తోడుంటాం, అని. దాని గుర్తుగా కేటలాగులో కొత్త కేటగిరీ పెడుతున్నామన్నారు. పేరు 'అందరికీ తోడు'. పేజీలో అన్నిటికన్నా పైన, నవ్వుతున్న మనుషుల బొమ్మతో. తయారు చేసింది ఎవరనుకున్నారు? అక్కే. నా పక్కన కూర్చుని పాత 'అవసరం'లో ఉన్నవన్నీ తెచ్చి అందులో పెట్టింది. వెనకాల ఏం రాయాలో కత్తెర చెప్పాడు. పైఅధికారి అనుమతి, సంక్షేమం అధికారిణి అనుమతి, డాక్టరు కాగితం.

అందులోంచి ఎవరూ ఏదీ అడగలేదు. అడగాల్సిన ఒక్క మనిషీ ఇంట్లో కూర్చుంది. చెల్లెలికి ఇంట్లో వాడుకోవడానికి ఆ సాఫ్ట్‌వేర్ ఒకటి ఇప్పించమని అక్క సిగ్గు విడిచి కత్తెరను అడిగింది. అది కంపెనీ మొత్తానికి కొన్నదే, ఒకటి ఎక్కువైతే పైసా ఖర్చు లేదు. లైసెన్సు ఉద్యోగులకే వర్తిస్తుందండీ అన్నాడు. ఉద్యోగంలో ఉన్నట్టా లేనట్టా అని అడిగింది. అది సంక్షేమం వాళ్లను అడగండి అన్నాడు. వాళ్లను అడిగితే ఆ విషయం మీ మేనేజరు చూస్తారండీ అన్నారు.

కొన్నాళ్లకు మళ్లీ కత్తెర కేటలాగు తెరిచాడు. ఎవరూ అడగని కేటగిరీలు తీసేయాలని ఆయన నియమం పెట్టుకున్నాడు. 'అందరికీ తోడు' దగ్గర ఆగాడు. ప్రసంగం అయిపోయింది, ఫోటోలు అయిపోయాయి. "దీన్ని ఇక తీసేయొచ్చు" అన్నాడు. అక్క తీసేసింది. నిజంగానే తీసేయాలా అని తెర అడిగింది. అవును అని నొక్కింది. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

ఈ మధ్య ఒక ఆదివారం వాళ్లింటికి మళ్లీ వెళ్లాను. వంటింటి డబ్బాల మీద కాగితాలు లేవు. అక్కే పీకేసినట్టుంది. చెల్లెలు తన ఫోనులో ఉండే, చదివి వినిపించే గొంతుతో ఎలాగో పని గడుపుకుంటోంది, కొత్త ఉద్యోగం వెతుక్కుంటోంది. పేపర్లో అచ్చయ్యే ఉద్యోగాల ప్రకటనలు మాత్రం అక్క చదివి వినిపించాల్సిందే. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. అక్క కళ్లజోడు పెట్టుకుని చదువుతోంది.

"ఇంకొంచెం తొందరగా చదువక్కా" అంది చెల్లెలు.

మిషను వేగానికి అలవాటు పడిన చెవులు. అక్క వేగం పెంచింది. ఊపిరి అందక మాటలు తడబడ్డాయి, నవ్వింది, మళ్లీ చదివింది. ఒక ప్రకటన వచ్చింది. ఫోన్లలో మాట్లాడే ఉద్యోగమే. గొంతు బాగుండాలి, ఓపిక ఉండాలి, అనుభవం ఉంటే మంచిది. జీతం ఎంతో చదివింది, చిరునామా చదివింది. నేను వెనకాల నిలబడి పేపరు వైపే చూస్తున్నాను. అనుభవానికీ జీతానికీ మధ్య ఇంకో వాక్యం ఉంది.

చెల్లెలు తల పక్కకు తిప్పింది, అక్క ముఖం కనపడేలా.

"మధ్యలో ఏదో వదిలేశావు."

"ఏం లేదే."

"వదిలేశావక్కా. నీ గొంతు ఆగింది." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది. "ఆ మిషనైతే ఏదీ వదిలేది కాదు. మంచైనా చెడైనా ఉన్నది ఉన్నట్టు చదివేది."

అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. వేలితో వెతికి, ఆ వాక్యం దగ్గరికి వచ్చి, పైకి చదివింది.

"కంటిచూపు బాగా ఉన్నవారు మాత్రమే దరఖాస్తు చేయాలి."

"సరే" అంది చెల్లెలు. "తర్వాతది చదువు."